‘ఏడాది గడువులోగా’నా, ‘ఏడాది గడిచాక’నా?

ప్రశ్న: ఇంగ్లండ్, వేల్స్‌లలో వేటకుక్కలతో నక్కల వేటను నిషేధించిన 2004 చట్టం మీద వ్యాసం ఒకటి తెలుగు చేస్తున్నాను. ‘ప్రభువుల సభ ఏడాది గడువులోగా ఒప్పుకోకపోతే దిగువ సభ ఒక్కటే చట్టం చేసేయొచ్చు’ అని రాశాను. మా ఎడిటర్ గారు ‘గడువులోగా’ కింద ఎర్రగీత గీశారు. తప్పేముంది?

జవాబు: గీత సరైన చోటే పడిందండి. గడువులోగా అంటే ఆ లోపు పని ముగించాలని. బ్రిటన్ పార్లమెంట్ చట్టం చెప్పేది దానికి పూర్తి తలకిందులు: ఏడాది గడవనిదే దిగువ సభ (కామన్స్) పెద్దల సభను, అంటే మీరు రాసిన ప్రభువుల సభను, పక్కన పెట్టకూడదు. ఒక సెషన్‌లో కామన్స్ సభలో బిల్లు రెండో పఠనం (బిల్లు మూల ఉద్దేశం మీద చర్చ, ఓటు) జరిగిన రోజుకీ, తర్వాతి సెషన్‌లో అదే బిల్లును కామన్స్ మళ్లీ ఆమోదించే రోజుకీ మధ్య కనీసం ఏడాది ఉండాలి. 1911లో ఇది రెండేళ్లు, 1949లో తగ్గించారు.

వేట బిల్లునే చూడండి. రెండో పఠనం 2002 డిసెంబర్ 16న. 2003 జూలైలో కామన్స్ పంపిస్తే, ఆ సెషన్ ముగిసేదాకా పెద్దల సభలో తేలలేదు. 2004 సెప్టెంబర్ 15న కామన్స్ అన్ని దశలూ ఒక్కరోజులో కానిచ్చేసింది. నిషేధం వద్దనేవాళ్లు ఐదుగురు చర్చ మధ్యలో సభలోకే చొరబడింది ఆ రోజే. అప్పటికి ఇరవై నెలలు దాటిపోయాయి, ఏడాది షరతుకు ఢోకా లేదు.

వ్యాఖ్య: పత్రికల్లో ‘గిలెటిన్’ అని రాసేది దీన్నే కదా?

జవాబు: కాదండి. గిలెటిన్ చర్చకు వేసే కత్తెర. ఫలానా గంటకి మాటలు ఆపి ఓటుకు పెట్టాలంటారు. మన లోక్‌సభలో చర్చకు రాని బడ్జెట్ పద్దులన్నిటినీ చివరిరోజు ఒకేసారి ఆమోదించేది దీంతోనే. ‘గడువు’ అక్కడ చక్కగా అతుకుతుంది.

వ్యాఖ్య: గడువు పుట్టిందే ‘గడుచు’ నుంచి. మరి ‘ఏడాది గడువు’ తప్పెలా అవుతుంది?

జవాబు: ‘ఏడాది గడువు’తో నాకు పేచీ లేదు, తప్పంతా ‘లోగా’ది. మన రాజ్యాంగం 197వ అధికరణ చూడండి. శాసనసభ పంపిన బిల్లును మండలి మొదటిసారి మూడు నెలలు, రెండోసారి ఒక నెల మాత్రమే ఆపగలదు. ఆ లోపు తేల్చకపోతే బిల్లు మండలిని దాటిపోతుంది. తెలంగాణ మండలికైనా, ఆంధ్ర మండలికైనా ‘నెల గడువులోగా’ అని నిక్షేపంగా రాయొచ్చు. లండన్‌లో గడియారం పెద్దల సభ మీద కాదు, కామన్స్ మీద నడుస్తుంది. పైగా బిల్లు సెషన్ ముగిసే కనీసం నెల ముందే పెద్దల సభకు చేరాలి. అదీ కామన్స్ నెత్తిమీదే.

ప్రశ్న అడిగినవారికి: ‘ప్రభువుల సభ వరుసగా రెండు సెషన్లలో ఒప్పుకోకపోతే, రెండో పఠనం నుంచి ఏడాది గడిచాక’ అని మార్చండి, సరిపోతుంది. వ్యాసంలో అమలు తేదీ కూడా సరిచూసుకోండి. 2004 నవంబర్ 18 రాణి ఆమోదం పడిన రోజు. నిషేధం మొదలైంది 2005 ఫిబ్రవరి 18న. ఆ మూడు నెలలు మాత్రం వ్యవధే.