బిడ్డను పోగొట్టుకున్న ఇంట్లో ఇంటి ప్రార్థన: ఏం చదవాలి, ఏం అనకూడదు?

కాలువగట్టు సంఘం:

అందరికీ వందనాలండి. రాజోలు వైపు మా ఊళ్లో, జూన్‌లో కాలువకు నీళ్లు వదిలిన వారంలోనే ఒక తొమ్మిదేళ్ల బాబు రేవు మెట్ల మీద కాలు జారి నీళ్లలో పడి చనిపోయాడు. తండ్రి కొబ్బరి దింపుకి వెళ్తాడు, కొంచెం కౌలు చేసుకుంటాడు. భూస్థాపన నిన్ననే అయింది. ఎల్లుండి ఆదరణ కూడిక మా పాస్టరు అయ్యగారే చేస్తారు. కాకపోతే ఆయన నాలుగు ఊళ్లు చూసుకోవాలి కాబట్టి, ఆ తర్వాత వారం వారం ఆ ఇంట్లో ప్రార్థన స్త్రీల సమాజం తరఫున నన్ను నడిపించమన్నారు.

తల్లిది ఒకటే మాట: "ఏ ఆదివారం మానకుండా మందిరానికి తీసుకెళ్లానే, మరి దేవుడెందుకు కాపాడలేదు?" చుట్టుపక్కల వాళ్లేమో దశమభాగం (సంపాదనలో పదో వంతు కానుక) సరిగా ఇవ్వలేదనీ, తండ్రి ఆదివారం కూడా చెట్లెక్కుతాడనీ, అందుకే ఇలా అయిందనీ అంటున్నారు. బాబుకి బాప్తిస్మం కాలేదని ఒకావిడ ఆమె ఎదురుగానే అడిగింది. మామూలుగా ఇలాంటి చోట రోమా 8:28, అన్నీ మేలుకే జరుగుతాయన్న వచనం, చదువుతారు. నాకు అది చదవడానికి నోరు రావట్లేదు. వాక్యం ఏది తీసుకోవాలి, ఎంతసేపు ఉండాలి, ఆమె అడిగేదానికి ఏం చెప్పాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

వాక్యధ్యాని:

సిస్టర్, ముందు ఏం చదవకూడదో చెప్తాను, మనవాళ్లు ఎక్కువగా పొరపడేది అక్కడే. యెషయా 43:2 ఆ ఇంట్లో వద్దు. "నదులలోబడి వెళ్లునప్పుడు అవి నీమీద పొర్లిపారవు" అన్న మాట నీళ్లలో బిడ్డ పోయిన తల్లి చెవికి ఎలా తగులుతుందో ఆలోచించండి. 121వ కీర్తన అందరికీ ఇష్టమే, కానీ అందులో ఆయన నీ పాదం తొట్రిల్లనివ్వడు అని ఉంది, ఈ పిల్లాడు పోయింది కాలు జారే. 91వ కీర్తన కూడా అంతే. ఇవన్నీ సత్యమైన వాక్యాలే. తర్వాతెప్పుడో ఆమే తన చేత్తో ఆ పేజీ తిప్పుకుంటుంది. ఈ నెలలో మాత్రం మనం తిప్పకూడదు. పాటల్లో కూడా అలలు, తుఫాను, దోనె ఉన్నవి ముందే పక్కన పెట్టండి. ఒకసారి పాట ఎత్తుకున్నాక మధ్యలో ఆపలేరు.

ఇంకొకటి, 2 సమూయేలు 12. దావీదు బిడ్డ చనిపోయినప్పుడు "నేను వానియొద్దకు పోవుదును గాని" అన్న వచనం చాలామంది ఓదార్పుగా చదువుతారు. అదే అధ్యాయం 14వ వచనంలో ఆ బిడ్డ మరణానికి దావీదు పాపంతో ముడి పెట్టి ఉంది. మీరు ఆ 23వ వచనం ఒక్కటే చదివి వచ్చేస్తారు, ఆమె రాత్రి కూర్చుని పైనుంచి మొత్తం చదువుకుంటుంది.

మొదటి వారం 13వ కీర్తన తీసుకోండి. ఆరే వచనాలు. మొదటి రెండూ ఎన్నాళ్లు, ఎంతవరకు అన్న ప్రశ్నలే: "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" తర్వాత రెండూ మొర, చివరి రెండూ నమ్మిక. చదివేటప్పుడు 2 దగ్గర ఆగండి. వివరించొద్దు. రెండు నిమిషాలు ఎవరూ ఏమీ మాట్లాడకుండా ఉండాలి. కొత్తవాళ్లకి ఆ రెండు నిమిషాలు చాలా పొడుగ్గా అనిపించి ఎవరో ఒకరు "స్తోత్రం" అని నిశ్శబ్దాన్ని చెడగొడతారు, అందుకని వెళ్లేముందే మీతో వచ్చేవాళ్లకి చెప్పి ఉంచండి. తర్వాత 3, 4 చదవండి. "నేనైతే నీ కృపయందు" అనే అయిదో వచనం ఆమె చేత అనిపించాలని మాత్రం చూడకండి. దావీదు ఒక్క కీర్తనలో దాటిన దూరం దాటడానికి ఆమెకి ఏళ్లు పట్టొచ్చు. మీరే చదివి ఆమె తరఫున ఆమెన్ అనండి, చాలు.

రెండో వారానికి 88. ఆ కీర్తన "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగుస్తుంది. చివర్లో వెలుగేమీ రాదు. అయినా దేవుడు దాన్ని తన గ్రంథంలోంచి తీసేయలేదు. మత్తయి 2:18లో రాహేలు కూడా అంతే, పిల్లలు లేనందున ఓదార్పు పొందనొల్లలేదని రాసి ఉంది, ఆ తల్లిని అక్కడ ఎవరూ గద్దించలేదు. మీ ఊరి తల్లి అడిగే ప్రశ్న అవిశ్వాసం కాదని ఆమెకి తెలియాలి. సిలువ మీద ప్రభువు కూడా "నన్నెందుకు చెయ్యి విడిచితివి" అని 22వ కీర్తన మాటలతోనే అడిగాడు. ఎందుకు అన్నదానికి మీ దగ్గర జవాబు లేదని ఒప్పుకోండి. "నాకు తెలీదమ్మా, నీతో పాటు నేనూ ఆయన్నే అడుగుతాను" అంటే చాలు.

దశమభాగం మాటలకి మాత్రం అక్కడికక్కడే అడ్డం పడాలి, మెత్తగానే అయినా గట్టిగా. యోహాను 9:3లో పుట్టుగుడ్డివాడి గురించి, వీడు గాని వీడి కన్నవారు గాని పాపం చేయలేదని ప్రభువే చెప్పాడు. లూకా 13లో సిలోయము గోపురం కూలి 18 మంది చస్తే, మిగతా వాళ్లకంటే వాళ్లు పాపులు కారన్నాడు. యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరెత్తకుండా కూర్చున్నారు, అంతవరకూ బాగానే ఉంది. నోరు తెరిచి కారణాలు వెతకడం మొదలుపెట్టాకే తప్పులో పడ్డారు. 42:7లో దేవుడు వాళ్ల మీదే కోపపడ్డాడు.

బాప్తిస్మం సంగతి. మన డెల్టాలో లూథరన్ వాళ్లు పసివాళ్లకే ఇస్తారు, బ్రదరెన్, బాప్టిస్టు సంఘాలు ఒప్పుకోలు తర్వాతే ఇస్తాయి. ఆ తేడా మీద వాదించుకోవడానికి ఆ ఇంటి వసారా వేదిక కాకూడదు. ఆమె అడిగితే మార్కు 10:14 చదవండి, దేవుని రాజ్యం ఈలాటివారిదే అన్నది చిన్నబిడ్డల గురించే. సిలువ మీద దొంగకి బాప్తిస్మం లేదు, అయినా ఆ రోజే పరదైసు దొరికింది.

పాలకొల్లు అమ్మగారు:

పై బ్రదర్ వాక్యం సంగతి చక్కగా రాశారు. నేను మిగతాది చెప్తానమ్మా.

కూడిక 25 నిమిషాలు దాటొద్దు. పాత కీర్తన ఒకటి, ఆ ఇంటి పెద్దవాళ్లకి నోటికి వచ్చింది, డోలక్ లేకుండా మెల్లగా. వాక్యం, మౌనం కలిపి పది నిమిషాలు. ఒక్కరే ప్రార్థన చేయాలి. నలుగురు వరసగా చేస్తే మూడోవాళ్లు ప్రార్థనలో ప్రసంగం మొదలుపెడతారు. "ప్రభువా, ఈ తల్లి నీ చిత్తాన్ని గ్రహించేలా చెయ్యి" అంటే అది దేవుడికి చెప్పినట్టుండదు, ఆమెకి బుద్ధి చెప్పినట్టుంటుంది. మైకు వద్దు. ప్రార్థనలో బాబు పేరు పలకండి. ఎక్కడ ఏడుస్తుందోనని అందరూ ఆ పేరు దాచేస్తారు, దాంతో వాణ్ణి ఊరే మర్చిపోయిందని ఆమెకి అనిపిస్తుంది. పేరు విని ఏడిస్తే ఏడవనివ్వండి. నీళ్లగ్లాసు ఇచ్చి పక్కన కూర్చోండి, "ఊరుకో, ఊరుకో" అనకండి.

అనకూడని మాటలు కొన్ని మన నోట్లో ఊరికే తిరుగుతుంటాయి. మంచి పువ్వుని దేవుడు ముందే కోసుకున్నాడు అంటారు, అంటే దేవుణ్ణి పిల్లల్ని ఎత్తుకుపోయేవాడిలా చూపించినట్టే. ఇంకో బిడ్డ ఉందిగా అంటారు. "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను" అన్నది యోబు తన బిడ్డల గురించి తాను అన్న మాట, అతని కోసం ఎవరూ అనలేదు. ఆమె నోటి నుంచి వస్తే తల వంచి వినండి, మీరు మాత్రం ఎత్తకండి.

ఎల్లుండి కూడికకి భోజనాలు పెట్టనివ్వకండి. షామియానా, కుర్చీలు, ఫ్లెక్సీ, వందమందికి వంట అంటే ఆ కుటుంబం వడ్డీకి తెస్తుంది, ఆ అప్పు బిడ్డ జ్ఞాపకంతో కలిసి కూర్చుంటుంది. సంఘమే టీ పెట్టాలి. వందమందికి ఐదు లీటర్ల పాలు, కిలోన్నర పంచదార సరిపోతాయి. చుట్టాలు ఏమైనా అనుకుంటారని వాళ్లకి భయం ఉంటుంది, అందుకని ఈ మాట అయ్యగారి చేత చెప్పించండి.

మొదటి వారం ఇల్లంతా జనం, మూడో వారానికి గుమ్మంలో ఒక్క చెప్పుల జత ఉండదు. అందుకని ఇప్పుడే నోటు పుస్తకంలో వంతులు రాసుకోండి: సోమవారం ఎవరు అన్నం పంపుతారు, బుధవారం మధ్యాహ్నం ఆమె దగ్గర ఎవరు కూర్చుంటారు, చిన్నదాన్ని బడికి ఎవరు తీసుకెళ్తారు. "ఏదైనా కావాలంటే అడుగమ్మా" అంటే ఎవరూ అడగరు. కాగితాల పని కూడా ఉంది. మరణ నమోదు 21 రోజుల్లోపు చేయించాలి, ఆలస్యమైతే తిరుగుడు ఎక్కువ. పోలీసు కాగితం, పోస్టుమార్టం రిపోర్టు ఒక కవర్లో పెట్టి, చదువుకున్న కుర్రాణ్ణి తండ్రికి తోడిచ్చి ఊరి సచివాలయానికి పంపండి. ఆ కౌంటర్ దగ్గర కొడుకు పేరు చెప్పి "ఎలా పోయాడు" అన్న ప్రశ్నకి ఆ తండ్రి ఒంటరిగా జవాబు చెప్పకూడదు.

కాలువగట్టు సంఘం:

దేవుడు మిమ్మల్ని దీవించాలండి. యెషయా 43 నా పుస్తకంలో గుర్తు పెట్టి ఉంది, తీసేశాను. ఇంకో భయం ఉంది. తండ్రి ఒక్క మాటా మాట్లాడట్లేదు. ప్రార్థన అంటే లేచి వెళ్లి రేవు దగ్గర కూర్చుంటున్నాడు. రాత్రిళ్లు తాగుతున్నాడు. బలవంతంగానైనా కూర్చోబెట్టాలా?

నర్సు చెల్లి, అమలాపురం:

బలవంతం వద్దండి. రేవు దగ్గరికి అతనికి నచ్చిన మగమనిషి ఒకరు వెళ్లి పక్కన కూర్చోవాలి, వాక్యం పుస్తకం లేకుండా. దింపు పనిలో తోటివాళ్లైతే మంచిది. కొన్నాళ్లు చెట్టెక్కనివ్వకండి. నిద్ర లేక, తాగి చెట్టెక్కితే అది ఇంకో ప్రమాదం. ఆ రోజుల కూలి సంఘం చందా నుంచి ఇవ్వగలిగితే ఇవ్వండి.

కౌలు రైతు అంటున్నారు కాబట్టి ఇంట్లో పురుగుమందు డబ్బాలు ఉంటాయి. ఈరోజే తీయించి వేరే ఇంట్లో తాళం వేసి పెట్టించండి. మనసు బాగా కుంగినప్పుడు వచ్చే ఆ ఆలోచన చాలాసార్లు కొద్దిసేపే ఉంటుంది, ఆ కాసేపు పురుగుమందు చేతికి దొరక్కపోతే ప్రాణం నిలబడుతుంది. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడగండి, తల్లినీ అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని భయపడొద్దు, అలా జరగదు. "వాడి దగ్గరికి వెళ్లిపోతా" అంటే ఒంటరిగా వదలకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. 14416కి ఫోన్ చేస్తే టెలీమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) వాళ్లు 24 గంటలూ ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనే. ఆరు నెలలు దాటినా అన్నం, నిద్ర, పని ఏదీ దారికి రాకపోతే మానసిక వైద్యుడికి చూపించాలి.

డాక్టరు రాసిన మందులు వాడటం విశ్వాసం తక్కువ కావడం అని ఎవరైనా అంటే 1 రాజులు 19 చూపించండి. ఏలీయా చెట్టుకింద పడుకుని ప్రాణం తీసేయమన్నాడు. దేవదూత అతన్ని మందలించలేదు. రెండుసార్లు లేపి రొట్టె, నీళ్లు పెట్టాడు, మధ్యలో మళ్లీ నిద్రపోనిచ్చాడు.

సిలువనీడ:

అన్నీ ఒప్పుకుంటాను గానీ ఒకటి అడగాలి. ఏడుపు కీర్తనలే చదువుకుంటూ పోతే నిరీక్షణ ఎప్పుడు చెప్తాం? పునరుత్థానం లేని ఆదరణ లోకస్థులూ చెప్తారు. 1 థెస్సలొనీక 4:13 మన సొత్తు కదా.

వాక్యధ్యాని:

మన సొత్తే బ్రదర్. ఆ వచనం దుఃఖపడొద్దు అనట్లేదు, నిరీక్షణలేని ఇతరులవలె దుఃఖపడొద్దు అంటోంది. ఎప్పుడు చెప్పాలో యోహాను 11 చూసి నేర్చుకోవచ్చు. మార్త, మరియ ఇద్దరూ ప్రభువుతో ఒకే మాట అన్నారు, నువ్విక్కడ ఉండుంటే మా సహోదరుడు లాజరు చనిపోయేవాడు కాదని. మార్త ఇంకా మాట్లాడే స్థితిలో ఉంది, ఆమెకి "పునరుత్థానమును జీవమును నేనే" అని చెప్పాడు. మరియ కాళ్ల మీద పడి ఏడ్చింది, ఆమెకి ఆ మాట చెప్పలేదు, తనూ కన్నీళ్లు విడిచాడు. కాసేపట్లో సమాధి తెరవబోతున్నానని తెలిసి కూడా. కాబట్టి సిస్టర్, ఆ ఇంటికి వెళ్లినప్పుడల్లా ఈరోజు ఎదురుగా ఉన్నది మార్తా, మరియా అని చూసుకోండి. ఒకే మనిషి ఉదయం మార్తగా, సాయంత్రం మరియగా ఉండొచ్చు. "వాణ్ణి మళ్లీ చూస్తానా?" అని ఆమే అడిగిన రోజు యోహాను 11:25, 1 థెస్సలొనీక 4 తెరవండి, ఆ రోజు ఆగకుండా పూర్తిగా చదవండి.

పాలకొల్లు అమ్మగారు:

నోటు పుస్తకం చివరి పేజీలో కొన్ని రోజులు కూడా రాసిపెట్టుకోమ్మా. బాబు పుట్టినరోజు. వాడి క్లాసు పిల్లలు సండే స్కూల్లో క్రిస్మస్ పాట పాడే రోజు, ఆ రోజు ఆమె పక్క కుర్చీ ఖాళీగా ఉండకూడదు. ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల దగ్గరికి వెళ్లేటప్పుడు వాళ్లింటికి ముందే వెళ్లి కూడా తీసుకెళ్లండి. వేసవిలో కాలువ కట్టేస్తారు, రేవు ఎండిపోతుంది, ఆ కొన్ని వారాలు వాళ్లకి కాస్త ఊపిరాడుతుంది. మళ్లీ జూన్‌లో నీళ్లు వదులుతారు. నీళ్లు మీ ఊరి తూము దాకా వచ్చే రోజు కాలువ నీళ్లు చూసుకునే లస్కరుని అడిగితే చెప్తాడు. ఆ సాయంత్రం ఇద్దరు ముగ్గురు వెళ్లి వాళ్ల వసారాలో కూర్చోండి.