పైథాన్‌లో 2డి అర్రే: ముందు లిస్టులా, నేరుగా నంపైయా?

గ్రిడ్_టీచర్: కొత్తవాళ్లకి పైథాన్ చెప్తున్నాను. పట్టిక తయారీకి లిస్టులో లిస్టులు చూపించాలా, నేరుగా నంపైకి (సంఖ్యల పట్టికల కోసం వాడే పైథాన్ లైబ్రరీ) వెళ్లాలా? నా ఓటు నంపైకే. కారణం గ్రిడ్ = [[0]*3]*3. చూడటానికి 3 వరుసలు బాగానే వస్తాయి, కానీ గ్రిడ్[0][1] = 5 అని రాస్తే మూడు వరుసల్లోనూ 5 పడుతుంది. మొదట్లోనే వాళ్లకి ఈ టెన్షన్ ఎందుకు?

అడ్డం_నిలువు: ఆ 5 మూడుచోట్లా పడటమే అసలు పాఠం అండి, దయచేసి దాటేయకండి. బయటి *3 కొత్త లిస్టులు చేయదు, ఉన్న ఒక్క లిస్టునే మూడుచోట్ల పెడుతుంది. లోపలి [0]*3తో ఇబ్బంది లేదు. అక్కడ సంఖ్య మారదు, దాని గడిలోకి వేరే సంఖ్య వస్తుంది, అంతే. ఇది తెలిస్తే ఫంక్షన్‌కి పంపిన లిస్టు బయట కూడా ఎందుకు మారిపోతోందో తెలుస్తుంది. లిస్ట్ కాంప్రహెన్షన్‌తో, అంటే బ్రాకెట్లలోనే లూప్ రాసి, ప్రతి వరుసకీ [0]*3ను విడిగా పుట్టిస్తే సమస్య తీరిపోతుంది. జావాస్క్రిప్ట్‌లో గడులన్నీ ఒకే విలువతో నింపే ఫిల్‌కి ఖాళీ అర్రే ఇచ్చినా ఇదే గొడవ.

డేటా_పక్షం: ఒప్పుకుంటాను. కానీ లిస్టుల్లో ఒక నిలువు వరుస కావాలంటే లూప్ రాయాలి. నంపైలో గ్రిడ్[:, 1] చాలు. వరుసల పొడవులు వేర్వేరుగా ఉంటే లిస్టు నోరెత్తదు, నంపై 1.24 నుంచి ఎర్రర్ ఇస్తుంది. కొత్తవాళ్లకి ఆ కాపలా ముఖ్యం.

అడ్డం_నిలువు: గ్రిడ్[:, 1] నాకూ ఇష్టమే. కానీ అది కాపీ కాదు, వ్యూ, అంటే అదే డేటాని చూపించే ఇంకో కిటికీ. అందులో విలువ మారిస్తే అసలు అర్రే మారుతుంది. తప్పించుకుందామన్న పాఠమే మళ్లీ ఎదురైంది కదా! ఇక కాపలా సంగతి: పూర్ణాంకాల అర్రే గడిలో 2.7 పెట్టి చూడండి, ఏ హెచ్చరికా లేకుండా 2 అయిపోతుంది.

పక్కగడి: గేమ్ బోర్డులు రాసేవాళ్లకి ఇంకో చిక్కుంది. పై గడి చూద్దామని వరుస నంబరులోంచి 1 తీసేస్తే, మొదటి వరుస నంబరు 0 కాబట్టి అక్కడ అది -1 అవుతుంది. లిస్టయినా నంపై అయినా చివరి వరుసను తెచ్చిస్తుంది, ఎర్రర్ రాదు. నేనైతే (వరుస, నిలువు) జతలే కీలుగా డిక్షనరీ వాడతాను. లేని గడి లేదనే చెప్తుంది.

గ్రిడ్_టీచర్: సరే, లిస్టులతోనే మొదలుపెడతాను, [[0]*3]*3 కూడా చూపిస్తాను. మాత్రికల గుణకారం రాగానే మాత్రం నంపైకే. మూడు లూపులు రాయించను.

అడ్డం_నిలువు: ఒక్కసారి రాయించండి. ఏ ఇండెక్స్ ఎక్కడ తిరుగుతోందో చేత్తో రాసినవాళ్లకి ఆకారం సరిపోలేదన్న నంపై ఎర్రర్ చూడగానే అర్థమవుతుంది.