కొత్త నైట్రో ఇంజిన్ మొదటి ట్యాంకు: ఇటుకల మీద తిప్పాలా, నేల మీద నడపాలా?

నీలిపొగ
మేనమామ సింగపూర్ నుంచి నైట్రో రిమోట్ కారు తెచ్చాడు, మిథనాల్, నైట్రోమిథేన్ కలిపిన ఇంధనంతో నడిచేది. ఇంజిన్ 0.15 క్యూబిక్ అంగుళాల సైజు, అంటే సుమారు 2.5 సీసీ. పుల్ స్టార్ట్ తాడు జానెడు వచ్చి గోడకు తగిలినట్టు ఆగిపోతోంది. కొత్త ఇంజిన్ ఇంత బిగువుగా ఉంటుందా, లేక చెడిపోయి వచ్చిందా? మొదటి ట్యాంకు ఎలా నడపాలో కూడా చెప్పండి.

పాతమెకానిక్
చెడిపోలేదు బాబూ. కొత్తది బిగువుగా లేకపోతేనే కంగారు పడాలి. కారును ఇటుకల మీద చక్రాలు తేలేట్టు పెట్టు. ఇంధనం పాళ్లు సర్దే మర, అదే హై స్పీడ్ నీడిల్, కాస్త విప్పి, పొగ దట్టంగా వచ్చేంత రిచ్‌గా, అంటే ఇంధనం ఎక్కువ పోయేట్టు ఉంచి, థ్రాటిల్ ఇవ్వకుండా ఐడిల్‌లోనే మూడు ట్యాంకులు కాలనివ్వు. తొందరపడకు. ముప్పై ఏళ్లు ట్రాక్టర్లు, స్కూటర్లు బాగుచేసినవాణ్ణి. కొత్త స్కూటరును మొదటి సర్వీసు అయ్యేదాకా నలభై దాటనిచ్చేవాళ్లం కాదు. ఏ ఇంజిన్‌కైనా అదే న్యాయం.

సూదిమర
ఇక్కడే పప్పులో కాలేశారు. స్కూటరు పిస్టన్‌కు రింగులుంటాయి. ఈ బుల్లి ఇంజిన్‌కు రింగులే లేవు. అల్యూమినియం పిస్టన్, అది కదిలే గొట్టంగా క్రోమ్ పూత పూసిన ఇత్తడి స్లీవ్, అంతే. ఆ స్లీవ్ పైభాగాన్ని కావాలనే వెంట్రుకవాసి ఇరుకుగా చేస్తారు. చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ పైకి వచ్చి అక్కడ పట్టేస్తుంది. వేడెక్కితే ఇత్తడి ఎక్కువగా వ్యాకోచించి దారి ఇస్తుంది. మీరు చెప్పినట్టు పొగలో ముంచి ఐడిల్‌లో ఉంచితే ఇంజిన్ సరిగా వేడెక్కదు. నిమిషానికి కొన్ని వేల సార్లు పిస్టన్ ఆ ఇరుకులో దూరి బయటపడాలి. ఆ దెబ్బలన్నీ తినేది పిస్టన్ కింద ఉండే కడ్డీ, కనెక్టింగ్ రాడ్.

నీలిపొగ గారూ, హెయిర్ డ్రయర్‌తో ఇంజిన్ పైభాగం, అంటే హెడ్‌ను ముందే వేడి చేయండి. స్టార్ట్ అయ్యాక నేల మీదే, రిచ్‌గానే, హెడ్ 95–100 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండేట్టు రెండు మూడు నిమిషాలు మెల్లగా నడిపి ఆపండి. ఫ్లైవీల్ తిప్పి పిస్టన్‌ను కిందికి దించి, పూర్తిగా చల్లారనివ్వండి. పైన వదిలేస్తే చల్లారే స్లీవ్ దాన్ని బిగబట్టేస్తుంది. ఇలా ఐదారు సార్లు చేయాలి.

ఆముదంవాసన
ముందు తాడు సంగతి చూడండి. ఇంధనాన్ని మండించే గ్లో ప్లగ్ విప్పి, పైన గుడ్డ కప్పి తాడు లాగండి. లోపల ఇంధనం నిండి ఉంటే బయటికి చిమ్ముతుంది. ముఖం దూరంగా పెట్టండి, అందులో ఉండేది మిథనాల్, విషం.

పాతమెకానిక్
హెయిర్ డ్రయరా! తలంటు పోసి సాంబ్రాణి పొగ కూడా వేయమంటారా?

గోదారిగట్టు
మా రాజమండ్రిలో మే నెలలో కారును అరుగు మీద పెడితే చాలు, డ్రయర్ ఖర్చు మిగులుతుంది.

సూదిమర
నవ్వండి. ఎండలో పెట్టినా ఆ హెడ్ నాకు కావలసిన వేడికి రాదు. డ్రయర్‌తో ఐదు నిమిషాలు వేడి చేస్తే తాడు ఎంత తేలిగ్గా వస్తుందో ఒక్కసారి చూసి అప్పుడు మాట్లాడండి.

పాతమెకానిక్
డ్రయర్ లేని ఇల్లయితే ఏం చేయాలి? కరెంటు లేని మైదానంలో ఏం చేయాలి? నా దగ్గర టెంపరేచర్ గన్ కూడా లేదు. హెడ్ మీద నీటి చుక్క వేస్తాను, చుయ్‌మని మూడు నాలుగు సెకన్లలో ఎగిరిపోతే వేడి సరిపోయినట్టు. మిగతాది చెవి చెబుతుంది. నా ఇంధనంలో ఆముదం పాలు ఎక్కువ. ఎంత వేడెక్కినా లోహాన్ని వదలదు. దాన్ని నమ్మి ఇన్ని ఇంజిన్లు నడిపాను.

సూదిమర
నీటి చుక్కతో నాకు పేచీ లేదు. కానీ ఐడిల్‌లో తిప్పిన ఇంజిన్ మీద ఆ చుక్క వేస్తే కదలకుండా కూర్చుంటుంది. అదే నేను చెబుతున్నది! ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమట. ఈ వేదికలో పరిస్థితి అలా ఉంది.

గోదారిగట్టు
డ్రయర్ నుంచి చెట్ల దాకా వచ్చాం.

పాతమెకానిక్
చెట్టు మాట ఎందుకొచ్చిందో నాకు తెలుసు. సూటిగా చెప్పు.

సూదిమర
చెబుతాను. రెండేళ్ల క్రితం నా 0.21 ఇంజిన్‌ను మీ మాట ప్రకారం ఇటుకల మీద నాలుగు ట్యాంకులు తిప్పాను. ఐదో ట్యాంకులో, నేల మీద పట్టుమని పది గజాలు పోకముందే, టక్కుమంది. విప్పి చూస్తే రాడ్ రెండు ముక్కలు, స్లీవ్ లోపల నిలువు గీతలు. మూడు నెలలు దాచుకున్న డబ్బు. ఆ ఆదివారం మైదానంలో అందరి ముందూ మీరన్న మాట, ‘కుర్రాడికి థ్రాటిల్ చేయి ఆగదు’ అని. నా బాధ రాడ్ పోయినందుకు కాదు, ఆ మాటకు.

పాతమెకానిక్
ఆ మాట అన్నాను, అబద్ధం ఆడను. కానీ దానికి ముందు వారం మీ ఇంట్లో మూడు గంటలు కూర్చుని, నీ కార్బురేటర్ విప్పి కడిగి బిగించింది ఎవరు? రాడ్ విరిగిన రోజు నాకు ఫోన్ చేయకుండా నేరుగా ఇక్కడ రాశావు, ‘పాతకాలం సలహాలు వినకండి’ అని. పేరు పెట్టలేదు కానీ చదివిన ప్రతివాడికీ తెలుసు ఎవరి గురించో. నా దగ్గర ఒక స్పేర్ రాడ్ ఉండేది. అడిగితే ఇచ్చేవాణ్ణి.

సూదిమర
ఉందని నాకెలా తెలుస్తుంది?

పాతమెకానిక్
అడిగితే తెలుస్తుంది.

ఆముదంవాసన
ఇద్దరూ ఆ రాడ్ సంగతి విడిగా మాట్లాడుకోండి. నీలిపొగ గారు ఎక్కడ?

నీలిపొగ
ఇక్కడే ఉన్నాను. ప్లగ్ విప్పి లాగితే ఇంధనం మా అమ్మ ఆరేసిన దుప్పటి మీదికి చిమ్మింది. అక్క హెయిర్ డ్రయర్ ఆరు నిమిషాలు పట్టాను. నాలుగో లాగుకు అందుకుంది! తెల్లటి పొగ, చెవులు చిల్లులు పడే చప్పుడు. ప్లగ్‌ను వేడి చేసే ఇగ్నైటర్ తీసేశాను. ఇప్పుడు ఇటుకల మీద తిరుగుతోంది. దీన్ని ఆపడం ఎలా?

సూదిమర
ఎగ్జాస్ట్ గొట్టం చివర మందమైన గుడ్డ అడ్డం పెట్టండి. చేయి తగలనివ్వకండి. ఇటుకల మీద ఎందుకు పెట్టారు అసలు?

పాతమెకానిక్
ఇంధనం పైపును వేళ్లతో నొక్కు, అదే ఆగుతుంది.

సూదిమర
పైపు నొక్కితే ఆగే ముందు లీన్ అయి, అంటే ఇంధనం తగ్గి, వేగం పెరుగుతుంది. కొత్త ఇంజిన్‌కు ఆ పని చెబుతారా!

పాతమెకానిక్
నలభై ఇంజిన్లు అలాగే ఆపాను.