పెద్దయ్యాక ఆటిజం అని తెలిసింది, ఇప్పుడు స్పీచ్ థెరపీ పనికొస్తుందా?

మాట_సందు:
నమస్తే అందరికీ. నాకు ఆటిజం అని ఉద్యోగంలో చేరిన చాన్నాళ్లకి తెలిసింది. పైకి బాగానే మాట్లాడతా, అందుకే ఎవరికి చెప్పినా "నీకు స్పీచ్ థెరపీ ఎందుకు, మాటలొచ్చుగా" అంటారు. నా ఇబ్బంది వేరే. మీటింగ్‌లో నలుగురు మాట్లాడుతుంటే నేనెప్పుడు అందుకోవాలో తెలీదు, సందు దొరికేలోపు టాపిక్ మారిపోతుంది. "నువ్వేమంటావ్" అని సడన్‌గా అడిగితే జవాబు లోపలే ఉంటుంది గానీ నోటిదాకా రాదు, పావుగంట తర్వాత మొత్తం వాక్యాలతో సహా వస్తుంది. బాగా అలిసిపోయిన రోజు ఇంటికొచ్చాక అసలు మాటే పెగలదు, ఇంట్లోవాళ్లు అలిగాననుకుంటారు. ఒక క్లినిక్‌కి ఫోన్ చేస్తే పిల్లలకే చేస్తాం అని పెట్టేశారు. పెద్దవాళ్లకి ఇది నిజంగా ఉంటుందా, ఉంటే ఏం చేయిస్తారు? కళ్లలోకి చూడటం, నవ్వుమొహం పెట్టడం ప్రాక్టీస్ చేయించేదైతే మాత్రం నాకొద్దు, అది చిన్నప్పట్నుంచీ చేస్తూనే ఉన్నా, సగం అలసట దానివల్లే.

థెరపీ_రూమ్:
నేను స్పీచ్ థెరపిస్ట్‌ని అండీ, పెద్దవాళ్లతోనూ పనిచేస్తా. ఉంటుంది. మా పని ఉచ్చారణ ఒక్కటే కాదు, సంభాషణ, గొంతు, నత్తి, ఆఖరికి మింగడంలో ఇబ్బంది కూడా మా దగ్గరికే వస్తాయి. కాబట్టి మాటలొచ్చుగా అని పంపించేయడం తప్పు.

మంచి థెరపిస్ట్ ముందు మీ మాట ఎక్కడ ఆగుతోందో చూస్తారు. విన్నది అర్థం చేసుకోడానికి టైమ్ పడుతోందా, చుట్టూ చప్పుడు అడ్డమా, అలసటా, లేక మాట కూర్చుకోవడమే కష్టంగా ఉందా. ఒక్కోదానికి ఒక్కో దారి. మీరు రాసింది చూస్తే మీకు ముందు కావాల్సింది టైమ్ అనిపిస్తోంది. అజెండా ముందే పంపమని అడగడం, చాట్‌లో రాసి చెప్పడం, "ఆలోచించి సాయంత్రంలోగా మెయిల్ పెడతా" అనే వాక్యం తడుముకోకుండా వచ్చేదాకా పలకడం, ఇవన్నీ థెరపీలో చేసే పనులే. అడగడం ఎలాగో కూడా ప్రాక్టీస్ చేయిస్తాం, చాలామందికి అదే కష్టం.

ఇంకోటి, లోపం మొత్తం మీలోనే ఉందనుకోకండి. డామియన్ మిల్టన్ అని, తనూ ఆటిస్టిక్ అయిన సోషియాలజిస్టు, 2012లో డబుల్ ఎంపతీ ప్రాబ్లమ్ అని రాశారు, అర్థం కాకపోవడం రెండువైపులా ఉంటుందని. తర్వాత 2020లో వచ్చిన ఒక స్టడీలో ఒకరి నుంచి ఒకరికి కథ చెప్పించుకుంటూ వెళ్లారు. అందరూ ఆటిస్టిక్ అయిన వరసలో కథ ఎంత నిలిచిందో, ఎవరూ ఆటిస్టిక్ కాని వరసలోనూ అంతే నిలిచింది, రెండు రకాలవాళ్లనీ కలిపిన వరసలోనే ఎక్కువ జారిపోయింది.

నిజం చెప్పాలంటే పిల్లల మీద జరిగినంత రీసెర్చ్ పెద్దవాళ్ల మీద జరగలేదు, కాబట్టి గ్యారంటీలు ఇచ్చేవాళ్లని నమ్మకండి. మొదటిరోజే అడగండి, గోల్స్ ఎవరు పెడతారు అని. కళ్లలోకి చూడటం దగ్గర మొదలెడితే లేచి వచ్చేయండి.

తమ్ముడి_అక్క:
ఇంట్లో మాట పెగలని రోజుల గురించి నేను చెప్తా. మా తమ్ముడికి ముప్పై దాటాయి, మాటలు చాలా తక్కువ, ట్యాబ్‌లో టైప్ చేసి వినిపిస్తాడు. దీన్ని ఏఏసీ అంటారు. అలా చేస్తే ఉన్న మాట కూడా పోతుందని అందరూ భయపెట్టారు, కానీ 2006లో పాత స్టడీలన్నీ కలిపి చూసిన రివ్యూలో, గట్టిగా చేసిన స్టడీల్లో మాట తగ్గినట్టు ఎక్కడా కనపడలేదు, చాలామందికి కొంచెం పెరిగింది కూడా. మాటలొచ్చేవాళ్లు కూడా మాట రాని పూట వాడుకోవచ్చు. మా వాడు "బస్సు వెళ్లిపోయింది" అని పదేపదే అంటుంటే ఊరికే అంటున్నాడనుకునేవాళ్లం, చెప్పకుండా ప్లాన్ మార్చినప్పుడల్లా అంటున్నాడని థెరపిస్టే పట్టుకుంది. ఇప్పుడు వెంటనే ఏం మారిందో కూర్చుని చెప్తాం.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. చెయ్యి పట్టుకుని టైప్ చేయించే పద్ధతి ఒకటుంది, ఫెసిలిటేటెడ్ కమ్యూనికేషన్ అంటారు, అందులో వచ్చే మాటలు పట్టుకున్నవాళ్లవేనని పరీక్షల్లో తేలింది, అమెరికాలో స్పీచ్ థెరపిస్టుల సంఘం ఆషా 2018లో వాడొద్దని చెప్పేసింది. మా తమ్ముడి చెయ్యి ఎవరూ పట్టుకోరు, వాడి మాట వాడిదే.

నెమ్మది_గొంతు:
నేనూ ఆటిస్టిక్‌నే, కొంచెం వేరేగా చెప్తా. ప్రాక్టీస్ అంతా నటనే అనుకోకండి. ఇంటర్వ్యూల్లో నా గొంతు ఒకే స్థాయిలో ఉంటుంది, ఇంట్రస్ట్ లేదనుకుంటారు, అది నాకు నష్టం. అందుకని నేనే అడిగి గొంతు మీద పనిచేయించుకున్నా, ఇంటర్వ్యూ వరకే వాడతా, ఇంటికొచ్చాక నా గొంతు నాదే. అవతలివాళ్లకి ఇబ్బందని చేయిస్తే వేరు, నాకు కావాలని చేయించుకుంటే వేరు.

మాట_సందు:
అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. అజెండా ముందే ఇవ్వమని ఈ వారమే అడుగుతా. అక్కా, ఇంట్లోవాళ్లకి చూపించడానికి ఫోన్‌లో ఏం రాసిపెట్టుకోమంటారు? పెద్ద యాప్ ఏమీ వద్దు.

తమ్ముడి_అక్క:
యాప్ అక్కర్లేదు, నోట్స్‌లో పెద్ద అక్షరాలతో పెట్టుకోండి. "ఇప్పుడు మాట రావట్లేదు, కోపం కాదు. మీరు చెప్పేది వినపడుతోంది. టైప్ చేస్తా, తొందరపెట్టొద్దు." బాగున్న రోజే ఇంట్లో ఒకసారి చూపించండి, అలిసిపోయిన రోజు మొదటిసారి చూపిస్తే కంగారు పడతారు.