పారిస్ నుంచి రాన్స్‌కు రైల్లో ఒక్కరోజు ప్రయాణం: పెద్దవారితో వీలవుతుందా?

ప్రశ్న: హైదరాబాదు నుంచి వచ్చిన అమ్మానాన్నలను వచ్చే నెలలో ఒకరోజు పారిస్ నుంచి రాన్స్ (Reims) నగరానికి తీసుకువెళ్ళాలనుకుంటున్నాను. అక్కడి కెథడ్రల్ అనే పెద్ద చర్చిని, షాంపేన్ మద్యాన్ని నిల్వ ఉంచే ఒక నేలమాళిగను (సెల్లార్‌ను) చూసి రాత్రి భోజనానికి ఇల్లు చేరాలన్నది ఆలోచన. అమ్మకు మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి, నాన్నగారు మద్యం ముట్టరు. టికెట్ల కోసం వెదికితే రెండు స్టేషన్ల పేర్లు కనిపిస్తున్నాయి. ఏది ఎంచుకోవాలి? దగ్గరలోని మరో షాంపేన్ పట్టణం ఎపర్నేను కూడా అదే రోజు చూడవచ్చునా?

సమాధానం: గమ్యస్థానం ‘రాన్స్’ అని ఉన్న రైలునే తీసుకోండి. పారిస్‌లోని గార్ ద లెస్త్ స్టేషన్‌లో బయలుదేరే టీజీవీ (హైస్పీడ్ రైలు), 2007లో హైస్పీడ్ మార్గం ప్రారంభమైనప్పటి నుంచి, సుమారు 45 నిమిషాల్లో మిమ్మల్ని ఊరి నడిబొడ్డున దింపుతుంది. రెండవదైన ‘షాంపేన్-ఆర్దెన్ టీజీవీ’ ఊరికి దక్షిణాన బెజాన్‌లో ఉంది. అక్కడ దిగితే ట్రామో లోకల్ రైలో ఎక్కి మళ్ళీ ఊళ్ళోకి రావాలి కనుక, పెద్దవారితో ఆ శ్రమ దండగ.

అయితే రైలు టికెట్ కన్నా ముందు సెల్లార్ సందర్శన సమయాన్ని ఖరారు చేసుకోండి. పేరున్న సంస్థలు చాలావరకు ముందుగా బుక్ చేసుకున్నవారినే లోపలికి పంపుతాయి. రాన్స్‌లోని సెన్-నికేజ్ గుట్ట కింద, పూర్వం సుద్దరాయి కోసం తవ్విన గోతులనే సెల్లార్లుగా మలచుకున్నారు. 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన వాటిలో ఇవీ ఉన్నాయి. చూడదగ్గవే గాని, పొమ్మెరీ అనే సంస్థ సెల్లార్‌లో దిగడానికే 116 మెట్లు ఉన్నాయి. కాబట్టి ఏ సంస్థనైనా మెట్లెన్ని, లిఫ్టు ఉందా అని రాసి అడిగిన తరువాతే డబ్బు చెల్లించండి. లోపల ఏడాది పొడవునా పది డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది; ఎండాకాలమైనా అమ్మగారికి శాలువా ఉండాలి.

నాన్నగారి విషయంలో సంకోచం అక్కరలేదు. రుచి చూడటం చివర్లోనే ఉంటుంది, గ్లాసు అందుకోకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. సీసాలోనే రెండవసారి పులియబెట్టడం, అడుగున చేరిన మడ్డిని మూతి దగ్గరకు జార్చి బయటికి తీయడం, కనీసం పదిహేను నెలలు నిల్వ ఉంచడం వంటివి తాగనివారికి కూడా ఆసక్తికరంగానే ఉంటాయి.

ఎపర్నేను ఈసారికి వదిలేయండి. లోకల్ రైల్లో అరగంటే అయినా, ఎక్కి దిగడంలోనే మీ మధ్యాహ్నం గడిచిపోతుంది.

ప్రశ్న: చాలా కృతజ్ఞతలు. సెల్లార్‌కు ఉదయం వెళ్ళడం మంచిదా, లేక కెథడ్రల్‌ను ముందు చూడాలా?

మరొక సభ్యురాలి సమాధానం: ఉదయం సెల్లార్, మధ్యాహ్నం కెథడ్రల్ అని పెట్టుకోండి. కెథడ్రల్ ముఖభాగం పడమటి వైపు ఉన్నందున, ఎండ వాలిన తరువాతే శిల్పాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఎడమ ద్వారం దగ్గర నవ్వుతున్న దేవదూతను అమ్మగారికి తప్పక చూపించండి. 1429లో జోన్ ఆఫ్ ఆర్క్ సమక్షంలో ఫ్రాన్సు రాజు ఏడవ ఛార్లెస్‌కు పట్టాభిషేకం జరిగింది ఇక్కడే. 1914లో జర్మన్ ఫిరంగుల దాడిలో కాలిపోయిన కట్టడాన్ని బాగుచేసి 1938లో మళ్ళీ తెరిచారు. లోపల తూర్పు చివరన చిత్రకారుడు షగాల్ రూపొందించిన నీలి గాజు కిటికీలు ఉన్నాయి, అక్కడ కుర్చీలు కూడా దొరుకుతాయి.

ఫ్రాన్సులో చాలా భోజనశాలలు మధ్యాహ్నం రెండు దాటాక వంట ఆపేస్తాయి. శాకాహారులైతే పులిహోర కట్టుకుని వెళ్ళడమే నా సలహా. ఓపిక మిగిలితే, 1945 మే 7న జర్మన్ సైన్యం లొంగుబాటు పత్రంపై సంతకం చేసిన గది స్టేషన్‌కు దగ్గరలోనే మ్యూజియంగా ఉంది. నాన్నగారికి బహుశా అదే ఎక్కువగా నచ్చుతుంది. వారంలో ఒకరోజు మూసి ఉంచే మ్యూజియంలు అక్కడ మామూలే కనుక, తేదీ నిర్ణయించేటప్పుడు అది కూడా సరిచూసుకోండి. టీజీవీలో మీ టికెట్ ఆ రైలుకూ ఆ సీటుకే చెల్లుతుంది. తిరుగు రైలును సాయంత్రం ఆరు తరువాతే ఎంచుకుంటే పెద్దవారిని తొందరపెట్టనక్కరలేదు.