షుగర్, బీపీ మందుల ఖర్చు: మన గోదావరి జిల్లాల్లో మీరెలా తగ్గించుకుంటున్నారు?

అరటితోట (రావులపాలెం): నాన్నగారికి షుగర్, బీపీ ఉన్నాయి, స్టెంటు కూడా వేశారు. మందులకే నెలకి నాలుగు వేలు దాటుతోంది. మాకు కౌలు డబ్బులే ఆధారం. జనౌషధి అని కేంద్ర ప్రభుత్వ పథకం కింద చవగ్గా అమ్మే షాపులు ఉన్నాయి కదా, ఆ మందులు బాగానే పనిచేస్తాయా అండి? వాడినవాళ్లు చెప్పండి.

కాలవగట్టు (తణుకు): మా అమ్మకి బీపీ, కొలెస్ట్రాల్ బిళ్లలు అక్కడే కొంటాం. బీపీ అదుపులోనే ఉంది. ఇబ్బందల్లా స్టాకుతోనే. ఒక నెల ఉంటాయి, ఇంకో నెల "సోమవారం రండమ్మా" అంటారు. ఇంట్లో పది రోజుల మందులు ఉండగానే వెళ్లడం మంచిది.

లంకబాబు: మా సెంటర్లో ఒక షాపుకి "జనరిక్ మందులు, 60 శాతం తగ్గింపు" అని బోర్డు ఉంది. జనరిక్ అంటే పెద్ద బ్రాండు పేరు లేకుండా అమ్మే అదే మందు అన్నమాట. షీటు మీద 140 ఉంటే నాకు 56కి ఇచ్చాడు. భలే బేరం అనుకున్నా. అదే మందు, అదే మోతాదు జనౌషధిలో అందులో సగం కూడా లేదు. ఇదేం లెక్కండీ బాబూ?

మందులకొట్టు (అమలాపురం): కొట్టు నడిపేవాడిగా చెబుతున్నాను. ధరల నియంత్రణ జాబితాలో ఉన్న మందులకి కేంద్ర ప్రభుత్వ ధరల సంస్థ అయిన ఎన్‌పీపీఏ గరిష్ఠ ధర కడుతుంది. మార్కెట్లో ఒక శాతమైనా వాటా ఉన్న బ్రాండ్ల ధరల సగటు తీసి, దానికి మా మార్జిన్ 16 శాతం కలుపుతారు. చవగ్గా తయారైన జనరిక్ మీద కూడా ఆ గరిష్ఠం దాకా ఎమ్మార్పీ వేసుకోవచ్చు. జాబితాలో లేని మందుకైతే మొదటి ధర చాలావరకు కంపెనీ ఇష్టమే, ఆ తర్వాత ఏడాదికి పది శాతం మించి పెంచకూడదు, అంతే. ఎమ్మార్పీ భారీగా వేసి 60 శాతం తగ్గించినా వాళ్లకి మిగులుతుంది. కాబట్టి బోర్డు మీద శాతం వదిలేసి, బిళ్లకి ఎంత పడిందో చూడండి.

ఇంకో మాట. చీటీలో బ్రాండు పేరు ఉంటే, డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన ఇలాంటి మందులకి బదులు వేరేది ఇవ్వడానికి మాకు రూల్స్ ఒప్పుకోవు. జనరిక్ పేరు, అంటే మందు అసలు పేరు రాయమని డాక్టరుగారినే అడగండి. 2023 ఆగస్టులో జనరిక్ పేర్లే రాయాలని జాతీయ మెడికల్ కమిషన్ నిబంధన తెచ్చింది, అదే నెలలో పక్కన పెట్టేసింది.

లంకబాబు: ఆహా! పెట్టినట్టూ ఉండాలి, పెట్టనట్టూ ఉండాలి.

పాలకొల్లు పిన్ని: మా ఆయన షుగర్‌కి ఎంపాగ్లిఫ్లోజిన్ అనే బిళ్ల వాడతారు. ఒక్క బిళ్ల 60 రూపాయల దాకా ఉండేది. 2025 మార్చిలో పేటెంటు (ఆ కంపెనీ ఒక్కటే అమ్ముకునే హక్కు) అయిపోగానే చాలా కంపెనీలు దిగాయి, ఇప్పుడు పది రూపాయల లోపు కూడా దొరుకుతోంది. మా షాపులో మాత్రం మేము అడిగేదాకా పాత బ్రాండే కట్టి ఇచ్చారు. ఖరీదైన బిళ్ల ఏదైనా ఉంటే దాని పేటెంటు అయిపోయిందేమో కనుక్కోండి.

డ్యూటీ నర్సు (భీమవరం): థైరాయిడ్, ఫిట్స్, వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేది) మందులకి కంపెనీ మార్చాలంటే ముందు డాక్టరుకి చెప్పండి. థైరాయిడ్ అయితే మార్చిన ఆరు వారాలకి రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ చూపించుకోవాలి. అరటితోట గారూ, స్టెంటు వేసినవాళ్లు రక్తం పలచన చేసే బిళ్ల డాక్టరు చెప్పకుండా ఒక్క పూట కూడా మానకూడదు. జనౌషధిలో స్టాకు లేదంటే ఆ రోజుకి బ్రాండుదే కొనేయండి.

కాలవగట్టు: 2025 సెప్టెంబరు 22 నుంచి మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. బిల్లు అడగండి. బిల్లు లేకపోతే అదీ తెలీదు.

అరటితోట: ఆరోగ్యశ్రీ (ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు ఈ నెలవారీ మందులకి పనికొస్తుందా అండి?

డ్యూటీ నర్సు: అది ముఖ్యంగా ఆసుపత్రిలో చేరినప్పటి వైద్యానికి. మామూలు షుగర్, బీపీ బిళ్లలకి మీ పీహెచ్‌సీకి వెళ్లండి, మెట్‌ఫార్మిన్, యామ్లోడిపిన్ లాంటివి ఉచితంగా ఇస్తారు. పాత చీటీ, వాడుతున్న షీట్లు వెంట తీసుకెళ్తే మోతాదు దగ్గర తేడా రాదు.