మినుముకి పసుపు రంగు, మందు కొట్టినా ఆగట్లేదు

మాది రాజోలు దగ్గరండి. వరి కోతకు మూడు రోజుల ముందు చేలో మినుములు చల్లాను. నెల దాటేసరికి కాలవ గట్టు వైపు మొక్కల ఆకుల మీద పసుపు మచ్చలు మొదలయ్యాయి. కొన్ని ఇప్పుడు పూర్తిగా పసుపే. కొట్టాయన ఇచ్చిన తెగుళ్ల మందు రెండుసార్లు కొట్టాను, డబ్బులే పోయాయి. ఏం చేయమంటారు?

జవాబు 1: అది బూజు తెగులు కాదండీ, పల్లాకు అనే ఆకులు పసుపెక్కే జబ్బు. వైరస్ కాబట్టి తెగుళ్ల మందుకి లొంగదు. తెల్లదోమ జబ్బు మొక్క రసం పీల్చి, మంచి మొక్క మీద వాలి అంటిస్తుంది. పసుపెక్కిన మొక్క మళ్లీ పచ్చబడదు. పీకి తగలబెట్టండి, మొహమాటం వద్దు.

జవాబు 2: ఆకు తిరగేసి చూశారా? దోమ అడుగునే ఉంటుంది. గట్టు మీద కలుపు కూడా తీసేయండి, వైరస్ అక్కడా దాక్కుంటుంది. పసుపు జిగురు అట్టలు పెడితే దోమ ఎంతుందో తెలుస్తుంది. (మా అమ్మమ్మ అయితే దిష్టి అనేది!) వచ్చే ఏడు పీయూ 31 అనే మినుము రకం వేయండి, పల్లాకుని తట్టుకుంటుంది.

అడిగినవారు: పొద్దున్నే ఆకు తిప్పానండి, తెల్లగా గుప్పున లేచాయి. నలభై మొక్కలు పీకాను. మా నాన్న గట్టు మీద నిలబడి "కాసే చేను పీకుతున్నాడు చూడండి" అని దారిన పోయేవాళ్లందరికీ చెబుతున్నారు.